చిలకమ్మ ఆదివారం

కమలకుమారి ఇంట్లో ఆదివారం పొయ్యి వెలగదు. ఇది ఆవిడ పెట్టుకున్న నియమం కాదు, అమ్మమ్మ నాటిది. తెనాలి దగ్గర పల్లెలో మిషనరీ దొరసానుల బడిలో చదువుకున్న ఆ అమ్మమ్మ, శనివారం పొద్దువాలేసరికే పులిహోర కలిపి, బట్టలకు గంజి పెట్టి, పిల్లల తలలకు నూనె రాసి, ఇల్లు కడిగి, "ఇక రేపు దేవుడి దినం" అని చీపురు తలుపు వెనక పెట్టేసేదట. మర్నాడు ఆ ఇంట్లో కూర తరగరు, కొట్టుకు వెళ్లరు. చొక్కా గుండీ ఊడితే సోమవారం దాకా పిన్నీసే గతి.

పల్లెలో అయితే సరే. అమీర్‌పేటలో, అదీ మైత్రీవనం వెనక సందులో, అదీ మెస్ నడుపుకునే మనిషి ఆదివారం పొయ్యి వెలిగించనంటే నవ్వరా? నవ్వారు. "కడుపు నిండిన బేరం వదినగారూ మీది" అని పక్క కొట్టాయన రోజూ ఎత్తిపొడిచేవాడు.

రెండువేల సంవత్సరం అటూ ఇటూ రోజులవి. బీకాం చదివినవాడు జావాకి, బీఎస్సీ వాడు ఒరాకిల్‌కి, ఏ చదువూ సరిగ్గా ఒంటబట్టనివాడు ఈ రెంటిలో ఏది మంచిదో కనుక్కోవడానికి, అందరూ అమీర్‌పేటలోనే దిగేవారు. గోడ కనిపిస్తే కోచింగ్ పోస్టరు, చెయ్యి ఖాళీగా కనిపిస్తే పాంప్లెట్టు. గది ఉన్నవాళ్లు హాస్టలు పెట్టారు, వంటగది ఉన్నవాళ్లు మెస్ పెట్టారు. కమలకుమారికి కింద వాటాలో పెద్ద వంటగదే ఉంది. చేతివంట బాగుంటుంది. ఊరు వదిలి వచ్చిన పిల్లలు ఆవిడ పప్పుచారు పోసుకుని కళ్లు తుడుచుకున్న సందర్భాలున్నాయి. అది ఊరి మీద బెంగో, చారులో ఎండుమిరపకాయ ఘాటో చెప్పలేం.

భర్త కృష్ణమోహన్ మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా, పంజాగుట్టలో వాళ్లు వెళ్లే చర్చిలో సంఘపెద్ద. ఈ పేరుతో సంఘపెద్ద ఏంటని కొత్తవాళ్లు ముసిముసిగా నవ్వుకునేవారు. తాతగారు బాప్తిస్మం తీసుకున్నారు గానీ ఇంట్లో పేర్లు పెట్టే అలవాటు మార్చుకోలేదు మరి. కృష్ణమోహన్ మెత్తటి మనిషి. ఆఫీసులో ఫైళ్లకూ ఇంట్లో భార్యకూ ఎదురు చెప్పి ఎరగడు.

మెస్ వెన్నెముక మాత్రం చిలకమ్మ. మెదక్ వైపు నుంచి కూలికొచ్చిన మనిషి. ఇడ్లీ పిండి రుబ్బేది, బియ్యం కడిగేది, గిన్నెలు తోమేది ఆమే. తెల్లారకముందే టిఫిన్ల పని ఉంటుంది కనుక వంటగది పక్క గదిలోనే పడుకునేది. ఆమె మొగుడు పెంటయ్య తాపీ పని చేసేవాడు. మాదాపూర్ అవతల అద్దాల ఆఫీసు ఒకటి కడుతుంటే పరంజా మీంచి జారి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ నడుము కింద చచ్చుబడిపోయింది. ఎర్రగడ్డ రైతుబజారు వెనక, అతని అక్క లచ్చమ్మ అద్దెగదిలో మంచానపడి ఉన్నాడు. లచ్చమ్మ బజార్లో ఆకుకూరలు అమ్ముకుని తమ్ముడికి ఇంత ముద్ద పెట్టేది.

అన్నం పెట్టగలదు గానీ, ఒళ్లు కడగలేదు కదా. పెంటయ్య ఒప్పుకునేవాడు కాదు. "అక్క తోటి తానం చేయించుకునుడు కంటే సచ్చుడు నయం" అనేవాడు. అందుకని ఆదివారం అతనికి స్నానాల పండగ. మెస్‌కు సెలవు కనుక చిలకమ్మ పొద్దున్నే ఆటో ఎక్కి ఎర్రగడ్డ వెళ్లేది. పక్క గదిలో మొగిలయ్య అని రంగులేసే మనిషి ఉండేవాడు. అతనికీ ఆదివారమే తీరిక. ఇద్దరూ చెరో వైపు పట్టి పెంటయ్యను వాకిట్లో బండ మీదికి చేర్చేవాళ్లు. ఆమె నీళ్లు కాగబెట్టి, తలంటి, పక్కకు తిప్పి వీపంతా రుద్ది, పొడిగా తుడిచి పౌడరు చల్లేది. మంచం మీద పక్క మార్చేది.

సోమవారం ఉల్లిపాయలు తరుగుతూ ఈ కథంతా చెప్పేది చిలకమ్మ. "నిన్న ఏమన్నడో ఎరుకేనా అమ్మ? వేడినీళ్లు పోస్తుంటె, నిజాం రాజుకు సుత ఇంత సుఖం లేకుండె అన్నడు." చెప్పి తనే నవ్వేది. కమలకుమారి కూడా నవ్వేది. వారంలో చిలకమ్మ నవ్వు వినిపించేది ఆ ఒక్క పూటే.

ఇలా సాగిపోతుండగా ఆదివారం బ్యాచీలు వచ్చిపడ్డాయి. శనాదివారాల్లో పొద్దుట్నుంచి రాత్రి దాకా క్లాసులు. అన్నం పెట్టేవాళ్లు లేక పిల్లలు బన్నులు తిని పడుకుంటున్నారు. ఒకరోజు ఫణీంద్ర అనే కాకినాడ కుర్రాడు చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "ఆంటీ, మీ దేవుడు ఆదివారం రెస్ట్ తీసుకున్నాడు సరే, మా పొట్ట తీసుకోవట్లేదు. పై సందులో కొత్త మెస్ పెట్టారు. ఏడు రోజులూ భోజనమట. మావాళ్లు అటు వెళ్లిపోదామంటున్నారు."

ఆ మాట ముల్లులా దిగింది. నిజంగానే కొందరు వెళ్లిపోయారు కూడా. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు, ఈ సాఫ్ట్‌వేర్ దీపం ఎన్నాళ్లుంటుందో ఎవరికి తెలుసు? అలాగని అమ్మమ్మ నియమం కాలదన్నడమా? కమలకుమారి వారం రోజులు మథనపడింది, మోకాళ్ల మీద ప్రార్థన చేసింది. చివరికి దారి దొరికింది. పామూ చావకుండా కర్రా విరగకుండా దొరికిన దారి. అలాంటి దారి దొరికినప్పుడే మనిషి కాస్త అనుమానించాలి. ఆవిడ మాత్రం దేవుడే చూపించాడనుకుంది.

"ఏమండీ, మనం పని చేయకూడదు గానీ, చిలకమ్మ చేస్తే ఏంటి? ఆమె మన సంఘం మనిషి కాదుగా. ఆమెకి ఆదివారమైనా ఒకటే, బుధవారమైనా ఒకటే" అంది భర్తతో.

కృష్ణమోహన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మరి ఆమె ఎర్రగడ్డ వెళ్లాలి కదా కమలా?"

"సోమవారం మధ్యాహ్నం వెళ్తుంది. నేనేమన్నా రాక్షసినా, సెలవివ్వకుండా ఉండడానికి?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని పేపరు తీశాడు.

చిలకమ్మకు చెప్పినప్పుడు ఆమె చేతిలో చాట పట్టుకుని నిలబడిపోయింది. "సోమవారం అంటే మొగిలన్న పనికి పోతడు కదమ్మ. నా ఒక్కదాంతోని గాయన లేవడు. బండ మీదికి ఎట్ల తీసుకపోవాలె?"

"ఎవరో ఒకరు దొరుకుతారులే చిలకమ్మా. అంత పెద్ద బస్తీలో మగాళ్లే ఉండరా?"

చిలకమ్మ చాట కింద పెట్టింది. తన గదీ తిండీ ఈ ఇంట్లోనే. మొగుడి మందులకు డబ్బొచ్చేదీ ఇక్కడ్నించే. "సరేనమ్మ" అంది. ఆ సరే ఎంత బరువుగా ఉందో కమలకుమారికి వినపడలేదు. అప్పటికే ఆవిడ ఆదివారం కూర ఏం చేయిద్దామా అని ఆలోచిస్తోంది.

మొదటి ఆదివారాలు కాస్త ఇబ్బందిగానే గడిచాయి. కింద గిన్నెల చప్పుడు అవుతుంటే పైన తెల్లచీర కట్టుకుని చర్చికి బయల్దేరడం కమలకుమారికి ఎబ్బెట్టుగా ఉండేది. చిలకమ్మ వండింది ముట్టకుండా తను శనివారం కలుపుకున్న పులిహోరే తినేది. మెల్లగా అదీ పోయింది. వేడన్నం కళ్లముందు పొగలు కక్కుతుంటే చల్లటి పులిహోర ఎన్నాళ్లు తింటారు? తిని పైకెళ్లి హాయిగా కునుకు తీసేది. కింద చిలకమ్మ డేగిశాలు తోముతుండేది. ఆ చప్పుడుకు నిద్ర కూడా బాగానే అలవాటు పడింది.

ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. కమలకుమారి లేచి నిలబడి, ఇన్ని పనుల మధ్య, ఇంత పరుగుల ఊళ్లో, వ్యాపారంలో ఉండి కూడా విశ్రాంతి దినాన్ని పోగొట్టుకోకుండా దేవుడు తనను నిలబెట్టాడని చెప్పింది. కపటం లేదు, ప్రతి మాటా నిజమనే నమ్మింది. వెనక బెంచీల్లో ఆదివారం కూడా డ్యూటీలకు పోక తప్పని సాఫ్ట్‌వేర్ ఆడపిల్లలు తలలు దించుకున్నారు.

సోమవారాలు చిలకమ్మ ఎర్రగడ్డ వెళ్లొచ్చేది, వెళ్లిన కాళ్లతోనే వెనక్కి వచ్చేది. రాత్రి వంట వేళకు అందుకోవాలి మరి. ఉల్లిపాయలు తరిగేటప్పుడు కథలు లేవు. కమలకుమారి గమనించకపోలేదు. పని ఎక్కువై అలిసిపోతోందిలే అనుకుంది.

వానలు మొదలైన రోజుల్లో చిలకమ్మ కొంగు నలుపుకుంటూ వచ్చింది. "అమ్మా, గాయన వీపు మీద పుండ్లు లేసినయి. తడిబట్ట తోని తుడుస్తున్న గని తిప్పనీకి వస్తలేదు. మొగిలన్న ఆదివారం ఉంటనన్నడు. జర ఈ ఒక్క ఆదివారం ఇడిసిపెట్టు."

ఆ ఆదివారమే ఏదో పెద్ద కంపెనీ రాతపరీక్ష. జిల్లాల నుంచి పిల్లలు దిగుతున్నారు, ఫణీంద్ర తన ఊరివాళ్లనందరినీ భోజనానికి తెస్తానన్నాడు. ఆ రోజు చిలకమ్మ లేకపోతే మెస్ లేదు.

"ఈ ఒక్క వారం ఓర్చుకోవే తల్లీ. వచ్చే ఆదివారం పొద్దున్నే వెళ్లిపో, సాయంత్రం దాకా ఉండు. ఈలోపు మీ ఆయన కోసం మా సంఘంలో ప్రార్థన పెట్టిస్తాను. దేవుడు చూసుకుంటాడు."

చిలకమ్మ చేతులు జోడించింది. "మస్తు పున్నెం అమ్మ. మీ దేవునికి జర గట్టిగ చెప్పుండ్రి" అంది. ఆమె కళ్లలో నిజంగానే ఆశ కనిపించింది. ఆ చూపు తర్వాత కమలకుమారిని బతికినంత కాలం వెంటాడింది.

ఆదివారం సంఘమంతా లేచి నిలబడి పెంటయ్య అనే రోగి కోసం ప్రార్థించింది. పాస్టరుగారు కన్నీళ్లతో ప్రార్థించారు. అతని వీపును తాకమని, అతని పుండ్లు మాన్పమని అడిగారు. ఆ వీపును తాకాల్సిన చేతులు ఆ సమయానికి అమీర్‌పేటలో వంకాయలు తరుగుతున్నాయి. ఆ సంగతి ఆ హాలులో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరూ గట్టిగా ఆమెన్ అన్నారు.

ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, "పదండి కమలకుమారిగారూ, ఆ తమ్ముణ్ణి ఒకసారి చూసొద్దాం" అన్నారు. కాదనడానికి ఏముంది? రొట్టె, యాపిల్ పళ్లు కొనుక్కుని ఆయన కారులో ముగ్గురూ ఎర్రగడ్డ వెళ్లారు. దారిలో మెస్ సందు దాటుతుంటే చిలకమ్మను కూడా ఎక్కించుకుంటే బాగుండునని కమలకుమారికి తోచింది. పొయ్యిల మీద అన్నం ఉడుకుతుంటుంది, ఎలా కుదురుతుంది అనుకుంది.

గది గుమ్మంలోనే వాసన కొట్టింది. కృష్ణమోహన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. లోపల నులకమంచం మీద పెంటయ్య దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. పక్కన కూర్చున్న లచ్చమ్మ లేచి, "మీరేనా అమీర్‌పేట అమ్మ? మా మరదలు రాలేదా?" అని వాళ్ల వెనక్కి చూసింది.

వాకిట్లో నల్లటి బండ పక్కన మొగిలయ్య నిలబడి ఉన్నాడు. స్నానానికి సిద్ధంగా లుంగీ పైకి కట్టుకుని ఉన్నాడు. "పొద్దుగాల నుంచి చూస్తున్న. గీ వారం వస్త అన్నది కదా అని యాడికీ పోలే" అన్నాడు. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నాడు.

పెంటయ్యకు వాళ్లెవరో లచ్చమ్మ చెప్పింది. అతను దుప్పటిలోంచి చేతులు తీసి దండం పెట్టాడు. "కమలమ్మనా? మా చిలక మీ ముచ్చటే చెప్తది. మంచిగ చూసుకుంటరంటది." కాసేపు ఊపిరి తీసుకుని, గోడ వైపు చూస్తూ అడిగాడు. "ఇయ్యాల సుత పనేనా అమ్మ?"

పాస్టరుగారు మంచం పక్కన మోకరించి ప్రార్థన మొదలుపెట్టారు. కమలకుమారి కళ్లు మూసుకోలేకపోయింది. చిన్నప్పుడు అమ్మమ్మ ఒళ్లో కూర్చుని కంఠతా పట్టిన విశ్రాంతి దినపు ఆజ్ఞ గుర్తొచ్చింది. అందులో నువ్వు ఒక్కదానివే పని మానుకో అని లేదు. ఇంట్లో పనిచేసే ఆడమనిషి కూడా మానాలని ఉంది, ఆఖరికి గొడ్డు కూడా అని ఉంది. ఎన్ని వేలసార్లు అప్పజెప్పిందో ఆ ముక్క. గొడ్డుకు కూడా దేవుడు ఇచ్చిన రోజును తను చిలకమ్మ దగ్గర లాక్కుంది. లాక్కుని, దాంతోనే చర్చిలో కూర్చుని పాటలు పాడింది.

ఆవిడ ప్రార్థన పూర్తవకుండానే బయటికి నడిచి ఆటో ఎక్కింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. మెస్‌లో పిల్లలు వరసగా కూర్చుని తింటున్నారు. "చిలకమ్మా, గరిటె అక్కడ పడేసి వెళ్లు. ఆటో బయట ఉంది, వెళ్లు" అని అరిచింది. ఫణీంద్ర సాంబారు కోసం చాపిన గిన్నెతో అలాగే ఉండిపోయాడు.

ఆ సాయంత్రమే పెంటయ్యను పెద్దాసుపత్రిలో చేర్చారు. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. పుండ్ల విషం అప్పటికే రక్తంలో కలిసిపోయిందన్నారు. కమలకుమారి మాట ఇచ్చిన ఆ వచ్చే ఆదివారం ఇంకా రాకముందే అతను పోయాడు.

శవానికి స్నానం చేయించాలి కదా. మొగిలయ్య ఒక వైపు, చిలకమ్మ ఒక వైపు పట్టి అదే బండ మీదికి చేర్చారు. ఆమె నీళ్లు కాగబెట్టింది. చచ్చినవాడికి వేడినీళ్లెందుకని ఎవరో అంటే వినలేదు. తలంటింది. పక్కకు తిప్పి, పుండ్లకు తగలకుండా మెల్లగా, ఎంతో మెల్లగా, వీపంతా కడిగింది. కమలకుమారి వాకిట్లో ఒక మూల నిలబడి అదంతా చూసింది. చూడకుండా వెళ్లిపోయే హక్కు తనకు లేదనుకుంది.

తర్వాత ఆవిడ చిలకమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. "నన్ను క్షమించు చిలకమ్మా. నీ ఆదివారం నేను తినేశాను" అంది.

చిలకమ్మ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "నువ్వేం చేసినవమ్మ. నా నసీబు గట్లుంది" అని తన కొంగుతోనే ఆవిడ కళ్లు తుడిచింది. ఆ తడి కొంగు సబ్బు వాసన వేసింది.

దినాలయ్యాక చిలకమ్మ మళ్లీ పనిలోకి వచ్చింది. అప్పటికే కమలకుమారి మెస్ గోడ మీద 'ఆదివారం సెలవు' అని పెద్దక్షరాలతో రాయించింది. ఫణీంద్ర బ్యాచ్ పై సందు మెస్‌కు వెళ్లిపోయింది, వెళ్లనీ అనుకుంది. చిలకమ్మతో, "ఇక నీ ఆదివారం నీదే. ఎవరూ అడగరు" అంది.

"నాకెందుకమ్మ ఇగ?" అంది చిలకమ్మ. ఎత్తిపొడుపుగా కాదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది.

ఆ ఆదివారం పొద్దున కమలకుమారి తెల్లచీర కట్టుకుని మెట్లు దిగుతుంటే వంటగదిలో స్టవ్ చప్పుడు వినిపించింది. తొంగి చూసింది. పెద్ద డేగిశాలో అంచు దాకా నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టి, ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది చిలకమ్మ. చుట్టూ ఎక్కడా బియ్యం లేవు, కూరలు లేవు. పక్కన కొత్త సబ్బుబిళ్ల ఒకటి ఉంది.

"ఈరోజు వంట లేదు కదా చిలకమ్మా?"

"ఎరుకే."

"మరి ఈ నీళ్లెందుకు?"

చిలకమ్మ సబ్బుబిళ్లను చేతిలోకి తీసుకుంది. "ఏమో అమ్మ. ఆదివారం కదా" అంది.

కృష్ణమోహన్ గేటు దగ్గర నుంచి ఆలస్యమవుతోందని పిలిచాడు. మీరు వెళ్లండి అని కమలకుమారి జవాబిచ్చింది. అమ్మమ్మ ఆదివారం ఎన్నడూ వెలగనివ్వని మంటను చూస్తూ, స్టవ్ ఆర్పడానికి చెయ్యి చాపి, ఆర్పలేక వెనక్కి తీసుకుంది. గంజిపెట్టిన చీరతోనే నేల మీద చిలకమ్మ పక్కన చతికిలబడింది. ప్రార్థన చేద్దామనుకుంది. ఒక్క మాట కూడా రాలేదు. ఇద్దరూ అలా కూర్చున్నారు, పని లేకుండా, విశ్రాంతీ లేకుండా.

మెయిన్ రోడ్డు మీద ఆటోవాడు "ఎర్రగడ్డ, ఎర్రగడ్డ" అని జనాన్ని పిలుస్తున్నాడు. చిలకమ్మ తలెత్తి అటు ఒకసారి విని, డేగిశాలో వేలు ముంచి చూసింది.

"కాగినయ్ అమ్మ" అంది.